చారడేసి కళ్ళు: ఒక లంక పాప నీటికాసుల కేసు

ఈ పాప కళ్ళని మెచ్చుకోని వాళ్ళు లేరు. బాలింతని చూడటానికి వచ్చిన చుట్టాలంతా "ఎంత చారడేసి కళ్ళో" అన్నారట. దిష్టి తగులుతుందని మామ్మ బుగ్గన చుక్క పెట్టేది. ఆ కళ్ళు అంత పెద్దవి కావడమే జబ్బని, అది నీటికాసులని (గ్లాకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం నలిగిపోయే జబ్బు) తెలియడానికి అయిదు నెలలు పట్టింది. తెలిశాక ఆపరేషన్ బల్ల దాకా చేరడానికి ఇంకో రెండున్నర నెలలు. మొదటి అయిదు నెలల ఆలస్యంలో నా పాత్ర లేదు. తర్వాతి రెండున్నర నెలల్లో ఉంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

నేను కోనసీమలో ఒక చిన్న పట్నంలో కంటి డాక్టర్‌ని. రోజంతా శుక్లాలు, కళ్ళజోళ్ళు, వరి కోతల్లో ఆకు గీసుకున్న కళ్ళు, కొబ్బరి దింపులో పీచు పడిన కళ్ళు. పసిపిల్లల నీటికాసులు చదువుకునే రోజుల్లో చూసినవీ, ఇక్కడికి వచ్చాక చూసినవీ కలిపినా వేళ్ళ మీద లెక్క పెట్టచ్చు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు రాయలేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఇల్లు, ఊరు

ఊరు ఒక పాయ అవతలి లంకలో ఉంది. రేవులో పంటు ఎక్కి ఇవతలికి వచ్చి, ఆటో పట్టుకుంటే నా దగ్గరికి గంటన్నర. తండ్రి కువైట్‌లో డ్రైవర్. తల్లికి ఇరవై రెండేళ్ళు, మేనబావనే చేసుకుంది, అంటే అత్తగారే మేనత్త. పెద్దవాడు మూడేళ్ళ బాబు, వాడికి ఏ సమస్యా లేదు. పాప రెండో కాన్పు, నెలలు నిండి మామూలు కాన్పులోనే పుట్టింది.

మేనరికం మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. పుట్టుకతో వచ్చే నీటికాసులు పాశ్చాత్య దేశాల్లో సుమారు పది వేల కాన్పులకి ఒకటి అని పుస్తకాల్లో ఉంటుంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన అధ్యయనంలో 3,300 కాన్పులకి ఒకటి అని తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే ఎక్కువగా ఈ జబ్బు పైకి తేలుతుంది. ఒకే ఇంటి రక్తమైతే అలా కలిసే అవకాశం పెరుగుతుంది.

నా దగ్గరికి వచ్చేసరికి

జూన్ నెల మధ్యలో వచ్చారు. పాపకి అయిదు నెలలు. తల్లి చెప్పింది ఇంతే: "కళ్ళెమ్మట నీళ్ళు కారతాయండి. ఎండలోకి తెస్తే కళ్ళు తెరవదండి." పక్కనుంచి మామ్మ కలిపింది: "ఎడం కన్ను నీలంగా అయిపోయిందండి, డాక్టరమ్మగారూ. కాటుక పడలేదేమో అనుకున్నామండి."

మొదటి నెల చివర్లోనే నీళ్ళు మొదలయ్యాయి. ముందు చనుబాలు వేశారు, తర్వాత నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక చుక్కల మందు ఇచ్చాడు. కన్నీటి గొట్టం అడ్డుపడిందేమో, ముక్కు పక్కన మర్దన చెయ్యమని ఒక డాక్టరు చెప్పారు. రెండు నెలలు శ్రద్ధగా చేశారు. తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి ఇంకో సీసా తెచ్చుకున్నారు. ఆ సీసా చీరకొంగున కట్టుకుని తెచ్చింది తల్లి. చూస్తే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. మూడు వారాలుగా వేస్తున్నారు.

వీళ్ళలో ఎవరినీ తప్పు పట్టలేను, ఒక్క స్టెరాయిడ్ సీసా విషయంలో తప్ప. పసిపిల్లల కంట్లో నీళ్ళు కారితే చాలామందికి కన్నీటి గొట్టం అడ్డే కారణం. మర్దనతోనో, ఏడాది నిండేసరికి దానంతట అదో తగ్గిపోతుంది. అందుకే ఆ అలవాటు అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. తేడా ఒక్కచోటే: గొట్టం అడ్డుపడ్డ బిడ్డ వెలుతురుకి ముడుచుకుపోదు. కంట్లో పుసి ఉంటుంది, నల్లగుడ్డు మాత్రం అద్దంలా తేటగా ఉంటుంది. ఈ పాపకి పుసి లేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టగానే మొహం తల్లి జాకెట్టులో దాచేసుకుంది.

కొలత

పాలు తాగి నిద్రపోయేదాకా ఆగాను. పసిపిల్లని పరీక్షించడానికి అంతకన్నా మంచి మత్తుమందు నా దగ్గర లేదు. రెప్ప మెల్లిగా ఎత్తి, స్కేలు అడ్డంగా పెట్టి నల్లగుడ్డు వెడల్పు కొలిచాను, ఫోనులో ఫోటో తీసుకున్నాను. కుడి కన్ను 12.5 మిల్లీమీటర్లు, ఎడమది 13.5. పుట్టినప్పుడు సుమారు 10 ఉండాలి. మొదటి ఏడాదిలో 12 దాటితే అనుమానించాలి. ఎడం కంటి కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, పాలు కలిపిన నీళ్ళలా ఉంది. కుడిది తేటగానే ఉంది కానీ టార్చి పక్కనుంచి వేస్తే అడ్డంగా రెండు గీతలు కనిపించాయి. కన్ను సాగినప్పుడు కార్నియా లోపలి పొర చిట్లి మిగిలే గీతలు అవి. వాటిని హాబ్ గీతలంటారు. పురుడు కష్టమై ఫోర్సెప్స్ (బిడ్డని బయటికి లాగే పట్టకారు) తగిలినా గీతలు పడతాయి, కానీ అవి ఎక్కువగా నిలువుగా, ఒక్క కంటికే ఉంటాయి. ఇక్కడ కాన్పు మామూలుగానే అయింది.

ఒత్తిడి కొలవాలా వద్దా అన్నది నేను తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం. పసిపిల్లలకి పనికొచ్చే పరికరం నా దగ్గర లేదు. ఉన్నదానితో బలవంతంగా కొలిస్తే పాప ఏడుస్తుంది, ఏడిస్తే అంకె పెరుగుతుంది. ఆ అంకె ఎంత వచ్చినా నా నిర్ణయం మారదు. 30 వస్తే పంపుతాను. 15 వచ్చినా 13.5 మిల్లీమీటర్ల మసక కార్నియాని ఇంటికి పంపలేను. కాబట్టి కొలవలేదు. వేరే కారణమేమైనా ఉందా అని కూడా చూశాను. పుట్టుకతో నల్లగుడ్డు పెద్దగా ఉండే పిల్లలు కొందరుంటారు, వాళ్ళకి కార్నియా తేటగా ఉంటుంది, గీతలుండవు. తల్లికి గర్భంలో రుబెల్లా వచ్చి ఉంటే కన్ను మసకబారచ్చు. శుక్లం ఉందా, గుండెలో అదనపు చప్పుడు ఉందా అని చూశాను, అవేమీ లేవు.

స్టెరాయిడ్ వల్లే ఒత్తిడి పెరిగిందా అన్న ప్రశ్న మాత్రం కాసేపు ఇబ్బంది పెట్టింది. పసిపిల్లల్లో స్టెరాయిడ్ చుక్కలు ఒత్తిడిని పెంచగలవు, కన్నుని సాగదీయనూగలవు. అలాగైతే మందు మాన్పిస్తే చాలునేమో? కానీ నీళ్ళు కారడం, వెలుతురు పడకపోవడం ఆ సీసాకి మూడు నెలల ముందే మొదలయ్యాయి. మూడు వారాల్లో కన్ను ఇంత సాగదు. సీసా ఉన్న మంటలో నెయ్యి పోసి ఉండచ్చు, మంట మాత్రం ముందే ఉంది. ఆ రోజే ఆపించాను.

నేను చేసిన పొరపాటు

పెద్దల నీటికాసులకి చుక్కలతో ఏళ్ళు గడిపేయచ్చు. పసిపిల్లల దానికి ఆపరేషనే వైద్యం, చుక్కలు ఆపరేషన్ దాకా మధ్యలో వాడేవి. అది నాకు తెలుసు. ఏ చుక్కలివ్వాలన్నదే ఆ పూట నా ఆలోచనంతా. బ్రిమోనిడిన్ రెండేళ్ళలోపు బిడ్డకి ఇవ్వకూడదు, మగత వచ్చి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. టిమోలాల్ తక్కువ మోతాదులో ఇచ్చేవాళ్ళున్నారు, కానీ పాపకి అప్పటికే కొంచెం పిల్లికూతలు ఉన్నాయి. రాత్రి పన్నెండింటికి ఊపిరి అందకపోతే ఆ లంక నుంచి పంటు ఉండదు. అందుకని డోర్జోలమైడ్ రాశాను. ఇప్పటికీ ఆ ఎంపిక సరైనదే అనుకుంటున్నాను.

తర్వాత చీటీ రాశాను. పెద్ద కంటి ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, రోగ నిర్ధారణ, కొలతలు అన్నీ అందులో ఉన్నాయి. "ఆలస్యం చెయ్యకండి, వారంలోపు వెళ్ళండి" అన్నాను. తల తిప్పి తర్వాతి పేషెంటుని పిలిచాను.

ఆరు వారాలకి మళ్ళీ వచ్చారు. ఎక్కడికీ వెళ్ళలేదు.

అడిగితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. జూలైలో గోదారి పెరిగింది, ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేశారు, పంటు ఆగిపోయింది. అది కొంత కారణమే. ఏడాది నిండని బిడ్డకి మత్తు ఇస్తారంటే మామ్మకి భయం. డబ్బు కువైట్ నుంచి రావాలి. వీటన్నిటికన్నా పెద్దది, నేను ఊహించనిది వేరే ఉంది. చుక్కలు వేసిన పది రోజులకే ఎడం కన్ను తేటబడింది! ఒత్తిడి కొంచెం తగ్గితే కార్నియాలో చేరిన నీరు తీస్తుంది, మసక పోతుంది. నేను దాన్ని తాత్కాలికం అనుకుంటాను. వాళ్ళు నయమైంది అనుకున్నారు. ఊళ్ళో నలుగురికీ నా మందు గొప్పతనం చెప్పారట. "మీ చెయ్యి మంచిదండి, ఆయ్" అంది మామ్మ. నాకు మొహం చెల్లలేదు.

ఆ రోజు కొలిస్తే ఎడం కన్ను 14 మిల్లీమీటర్లుంది.

సీసా చేతికిచ్చి, ఇది ఏం చెయ్యదో చెప్పకుండా పంపాను. వాళ్ళని అన్ని రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది నా మందే. మందే ఇవ్వకుండా ఉంటే భయంతోనైనా వెళ్ళేవాళ్ళా అని చాలాసార్లు అనుకున్నాను. అలా అని చుక్కలు మానేయడం కూడా తప్పే, మసక తగ్గితే ఆపరేషన్ చేసే చేతికి లోపల బాగా కనిపిస్తుంది. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, తారీకు ఖరారయ్యాకే సీసా చేతికిస్తాను. ఆసుపత్రికి వాళ్ళ ముందే నేను ఫోన్ చేస్తాను.

మురుగు కాలువ

రెండోసారి చీటీ రాయలేదు. శుక్రవారం రమ్మన్నాను. కువైట్‌లో శుక్రవారం సెలవు, తండ్రి వీడియో కాల్‌లో ఉండగలడు. ఆ ఇంట్లో నిర్ణయం ముగ్గురిది: డబ్బు ఆయనది, బిడ్డ తల్లిది, ధైర్యం మామ్మది. మొదటిసారి నేను మాట్లాడింది తల్లితో ఒక్కదానితోనే. ఆమె చేతిలో ఏదీ లేదు.

కంటి లోపల నీరు ఊరుతుంది, మూలనున్న జల్లెడలాంటి దారిలోంచి బయటికి పోతుంది, అది పుట్టుకతో సరిగా ఏర్పడలేదు, అని మొదలుపెట్టాను. ముగ్గురూ తలలూపారు. ఒక్కరికీ ఎక్కలేదని తెలిసిపోయింది. అప్పుడు వాళ్ళ పొలం ఎక్కడుందని అడిగాను. డెల్టాలో పెరిగిన ఎవరికైనా పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరని తెలుసు. "పాప కంటికి పంట కాలువ బాగానే ఉందండి. మురుగు కాలువే పుట్టుకతో పూడిపోయింది. నీరు వస్తోంది, పోవడం లేదు. పెద్దవాళ్ళకైతే గట్టు గట్టిది, కన్ను సాగదు, లోపల నరం నలిగిపోతుంది. పసిబిడ్డ గట్టు మెత్తన, అందుకే సాగిపోయింది. నరం కూడా నలుగుతుంది. నేనిచ్చిన చుక్కలు లాకు తలుపు కొంచెం దించినట్టు. మురుగు తవ్వందే చేను మునక్క మానదు."

ఫోనులో తండ్రి అడిగాడు: "తవ్వితే మళ్ళీ పూడదాండి, డాక్టరుగారూ?"

మంచి ప్రశ్న. పూడుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు, పాపని కూడా ఏళ్ళ తరబడి చూపిస్తూనే ఉండాలని అప్పుడే చెప్పాను. ఆ వాక్యం ఆ రోజు నేను చెప్పినవాటిల్లోకెల్లా విలువైనదని తర్వాత తెలిసింది, దాన్ని ఒక్కసారే చెప్పి వదిలేయడం నా రెండో పొరపాటని కూడా.

మత్తు గురించి మామ్మకి జవాబు చెప్పడం కష్టమైంది. ప్రమాదం లేదని చెప్పలేను, ఉంది. "చెయ్యకపోతే చూపు పోవడం ఖాయం. చేస్తే ఉండే భయం చిన్నది, చిన్నపిల్లలకి మత్తివ్వడంలోనే చెయ్యి తిరిగిన డాక్టరు పక్కనే ఉంటారు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "నేనూ ఎళ్తానండి" అంది. అదే ఒప్పుకోవడం.

ప్రయాణాలు

మన వైపు నుంచి వెళ్ళాలంటే విశాఖపట్నం, విజయవాడ, కాదంటే హైదరాబాద్. ఈ జబ్బుకి మన దేశంలో ఎక్కువగా చేసేది రెండు పనులు కలిపిన ఆపరేషన్. ఉన్న దారిని లోపలినుంచి తెరవడం, దాంతోపాటు పక్కనుంచి కొత్త దారి పెట్టడం. కార్నియా మసకబారితే లోపలి మూల కనిపించదు కాబట్టి, మసక కళ్ళతో ఆలస్యంగా వచ్చే మన పిల్లలకి ఇది నప్పింది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఈ పిల్లల మీదే దశాబ్దాలు పనిచేశారు, 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డు అందుకున్నారు. చెయ్యగలిగిన చేతులు తెలుగు నేల మీదే ఉన్నాయి. మధ్యలో ఉన్నది పంటు, ఆటో, బస్సు, రైలు, ఒక రాత్రి బస.

మొదటి ప్రయాణం వృథా. రైల్లో పాపకి జలుబు చేసింది, జ్వరంతో ఉన్న బిడ్డకి మత్తు ఇవ్వనన్నారు, అది సరైన నిర్ణయమే. మూడు రోజుల డబ్బుతో వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేశారు. ఆరోగ్య కార్డులో పాప పేరు ఇంకా ఎక్కలేదని కూడా అక్కడే తెలిసింది. జనన ధ్రువపత్రం పట్టుకుని ఆ పని ఇక్కడ పూర్తి చేసుకున్నారు. రెండో ప్రయాణంలో, ఏడున్నర నెలల వయసులో, ఒకే మత్తులో రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. రెండుసార్లు మత్తివ్వడం కన్నా ఒకసారి ఇవ్వడమే మంచిదని అక్కడి వైద్యులు అనుకున్నారు. మత్తులో కొలిచిన ఒత్తిడి కుడి కంటికి 24, ఎడం కంటికి 32. ఆరు వారాల తర్వాత 10, 12. కళ్ళజోడు కూడా రాసిచ్చారు: కుడికి మైనస్ ఒకటిన్నర, ఎడమకి మైనస్ మూడు.

ఈ ఆపరేషన్‌లో తెల్లగుడ్డు మీద రెప్ప కింద చిన్న పొక్కులాంటి నీటి తిత్తి మిగులుతుంది. దానికి ఇన్ఫెక్షన్ వస్తే కన్నంతా పాడవుతుంది. కార్తీకమాసంలో పాపకి గోదారి స్నానం చేయిస్తానని మామ్మ బయల్దేరింది. వద్దన్నాను. నెత్తిన నీళ్ళు చల్లుకుంటే పుణ్యం తగ్గదని ఆవిడే ఒక దారి కనిపెట్టింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మూడో నెల చెకప్‌కి మళ్ళీ వెళ్ళారు. మత్తు ఇవ్వాలంటే తిండి ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలి. తెల్లవారుజామున రైల్లో ఏడుస్తున్న పాపకి పక్క సీటావిడ ముద్దుగా బిస్కెట్ పెట్టింది. ఆ పూట పరీక్ష వాయిదా. రేపు రండి అన్నారు. రేపటిదాకా ఉండటానికి డబ్బు లేదు. తిరిగొచ్చేశారు. మళ్ళీ వెళ్ళలేదు. సంక్రాంతి వచ్చింది, తండ్రి సెలవు మీద వచ్చి వెళ్ళాడు. కళ్ళు తేటగా ఉన్నాయి, పాప ఎండలో కూడా ఆడుతోంది, ఇంకెందుకు?

నేను కూడా ఫోన్ చెయ్యలేదు. ఆపరేషన్ అయింది కదా అనుకున్నాను.

విరిగిన కళ్ళజోడు

ఫిబ్రవరిలో కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చారు. కాడ మార్చి పంపేయచ్చు. అలవాటు కొద్దీ రెటినోస్కోపు (కంటి పవరు కొలిచే పరికరం) పెట్టి చూశాను. కుడి కన్ను మైనస్ ఒకటిన్నర, మార్పు లేదు. ఎడమది మైనస్ ఆరున్నర.

నాలుగు నెలల్లో మూడున్నర పవరు పెరిగింది. నమ్మక ఇంకోసారి పవరు పరీక్షకి వేసే చుక్కలు వేసి చూశాను, అదే వచ్చింది. పెద్దపిల్లవాడికైతే కొత్త అద్దాలు రాసి పంపుతాం. ఈ బిడ్డ కంట్లో ఆ పెరుగుదలకి అర్థం వేరు. కన్ను వెనక్కి సాగుతోంది. సాగుతోందంటే లోపల ఒత్తిడి ఉంది. కార్నియా తేటగా ఉండటం నమ్మదగింది కాదు, ఏడాది దాటుతున్న కొద్దీ గట్టు గట్టిపడుతుంది, ఒత్తిడి ఉన్నా మసక రాకపోవచ్చు. ఒత్తిడి కొలిచే పరికరం లేదని ఇన్నాళ్ళూ నాకు నేను సాకు చెప్పుకున్నాను. పవరు కొలిచే పరికరం నా బల్ల మీదే ఉంది, రోజుకి యాభైసార్లు వాడుతున్నాను.

ఈసారి నేనే ఫోన్ చేశాను. తారీకు తీసుకున్నాను. రైలు ముందురోజు మధ్యాహ్నానిది చూసుకోమన్నాను. పాప గౌనుకి పిన్నుతో ఒక కాగితం తగిలించమన్నాను: "నాకు మత్తు పరీక్ష ఉంది. ఏమీ పెట్టకండి." రైల్లో జనం నవ్వుకున్నారట, కానీ ఎవరూ బిస్కెట్ పెట్టలేదు. మత్తులో ఎడం కంటి ఒత్తిడి 24, కుడిది 12. చుక్కలతో కొన్ని వారాలు చూశారు, చాలలేదు, ఏప్రిల్‌లో ఎడం కంటికి మళ్ళీ ఆపరేషన్ చేశారు.

పంచుకున్న పని

ఆ తర్వాత పెద్దాసుపత్రి డాక్టరుతో తీరిగ్గా మాట్లాడాను. ప్రతి చెకప్‌లో జరిగే పనుల్లో ఏవి అక్కడే జరగాలి, ఏవి ఇక్కడ జరగచ్చు? మత్తు, ఒత్తిడి, కంటి వెనక నరం చూడటం అక్కడే. కార్నియా కొలత, ఫోటో, పవరు, కళ్ళజోడు, చుక్కలు సరిగా వేస్తున్నారా లేదా, తిత్తి ఎర్రబడిందా, ఇవన్నీ నేను చూడగలను. నెలకోసారి నా దగ్గరికి. పవరు ఒకటికి మించి పెరిగినా, కొలత అర మిల్లీమీటరు పెరిగినా, వెలుతురుకి కళ్ళు మూసినా, తారీకు కోసం ఆగకుండా పంపేస్తాను. లేకపోతే అక్కడికి ఏడాదికి మూడుసార్లు. ఫోటో వాట్సాప్‌లో వెళ్తుంది. దీనికి పథకం, నిధులు ఏమీ అక్కర్లేకపోయింది. నెలనెలా వచ్చినందుకు ఫీజు తీసుకోకపోవడం ఒక్కటే నా వైపు ఖర్చు.

బద్ధకపు కన్ను సంగతి వేరే పోరాటం. ఎడం కన్ను వెనకబడిపోయింది, మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. కుడి కంటికి రోజూ రెండు గంటలు గంత కట్టాలి. బాగున్న కన్ను మూసి బాగోలేని కన్నుతో చూడమంటే ఏ బిడ్డ ఊరుకుంటుంది? తల్లి వారంలో చేతులెత్తేసింది. మామ్మ తీసుకుంది ఆ పని. కొబ్బరి ఈనెలు చీల్చి చీపురు కట్టేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని, గంత ఉన్నంతసేపే ఈనెలు ఏరి ఇవ్వనిచ్చేది. గంత తీస్తే ఆట బంద్. కందిపప్పులో రాళ్ళు ఏరడం, మల్లెమొగ్గలు లెక్కపెట్టడం తర్వాత వచ్చాయి. నేను రాసిచ్చే వ్యాయామాల కాగితం కన్నా ఇది మేలు. ఇప్పుడు ఇతర పిల్లల తల్లులకి కూడా ఈనెల ఆటే చెబుతున్నాను.

పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. బొమ్మల చార్టు మీద కుడి కన్ను 6/12, ఎడమది 6/36 (మామూలు చూపు 6/6). ఎడం కంటి చూపు నరం మధ్యలో గుంట, అంటే నరం నలిగిన గుర్తు, పెద్దదే, గీతలు అలాగే ఉన్నాయి, అవి పోవు. జూన్‌లోనే ఆపరేషన్ జరిగి ఉంటే ఎడం కన్ను ఎంత ఉండేదో చెప్పలేను, ఇంతకన్నా మెరుగ్గా ఉండేదనే నా నమ్మకం. పసుపు రబ్బరు బ్యాండు కళ్ళజోడుతో అంగన్‌వాడీకి వెళ్తోంది.

రూపాయిలో పావలా

తల్లి మూడోసారి గర్భవతి అని తెలిసినప్పుడు ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని చెప్పాను, రూపాయిలో పావలా అన్నాను. అందరూ సంతోషించారు! నాకు అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది వాళ్ళ లెక్క: నలుగురిలో ఒకరికి వస్తుంది, ఆ ఒక్కటీ పాపకి వచ్చేసింది, ఇక మిగతావాళ్ళకి భయం లేదు. నేను చెప్పిన వాక్యంలో ఆ అర్థం కూడా ఉంది మరి. మామ్మ గవ్వలాట బాగా ఆడుతుంది. గవ్వలు వేసినప్పుడు కిందటిసారి ఏం పడిందో వాటికి గుర్తుంటుందా అని అడిగాను. "ఉండదండి" అంది. మొహంలో సంతోషం పోయింది, కానీ అర్థమైంది. బాబు పుట్టిన తొమ్మిదో రోజున వాళ్ళే తీసుకొచ్చారు. కొలత 10, కార్నియా తేట. మొదటి ఏడాది నెలనెలా చూశాను, బాగానే ఉన్నాడు. పెద్దబాబుని కూడా అప్పుడే పూర్తిగా పరీక్షించాను, నిజానికి మొదటిరోజే చెయ్యాల్సింది.

ఈ కేసు తర్వాత నేను వెనక్కి వెళ్ళి చూసింది టీకాల కార్డు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి, అంటే మూడుసార్లు, ఈ పాపని ఏఎన్‌ఎం (ఊళ్ళో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) చేతుల్లోకి తీసుకుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతికే జబ్బుల పట్టికలో పుట్టుకతో వచ్చే శుక్లం ఉంది, నెలతక్కువ పిల్లల రెటీనా జబ్బు ఉంది, నీటికాసులు లేదు. లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? దగ్గర్లోని పీహెచ్‌సీ నెలవారీ మీటింగుకి వెళ్ళి రెండు ఫోటోలు చూపించాను, మూడు ప్రశ్నలే అడగమన్నాను: వెలుతురులో కళ్ళు తెరుస్తుందా, పుసి లేకుండా నీళ్ళు కారుతున్నాయా, నల్లగుడ్డు మరీ పెద్దగానో మసకగానో ఉందా. ఆశా కార్యకర్తలు పిల్లల్ని పంపుతున్నారు. ఇప్పటిదాకా వచ్చిన వాళ్ళందరికీ కన్నీటి గొట్టం అడ్డే. పంపినందుకు ప్రతిసారీ ఫోన్ చేసి థాంక్స్ చెబుతున్నాను, లేకపోతే రెండు అనవసరపు కేసుల తర్వాత మానేస్తారు.

పాప తర్వాతి మత్తు పరీక్ష జూలై చివరి వారంలో పడింది. గోదారి మాట చెప్పి ముందుకు జరపమని అడిగాను. బడులు తెరవకముందే, జూన్ మొదటి వారంలో ఇచ్చారు. టికెట్లు తీసుకున్నారు, ముందురోజు మధ్యాహ్నం రైలుకి. గౌనుకి తగిలించే కాగితం మామ్మ దగ్గర భద్రంగానే ఉందట.